చెప్పి పోండి



ఈసారి గోడపత్రికకు "నా జీవితంలో మరువలేని సంఘటన" అని రాయమన్నారు. అందరూ తిరుమల పోయింది, బావిలో పడబోయి బతికింది, ఆటల పోటీల్లో కప్పు గెలిచింది రాస్తున్నారు. నాకు అట్లాంటి ఒక సంఘటన అంటూ లేదు. ఒకటే సంఘటన నాలుగైదు సార్లు జరిగింది. దాన్ని సంఘటన అనాలో అలవాటు అనాలో నాకు తెలియదు. రాస్తూ పోతే చాలా పొడుగు అయింది. అక్షరాలు చిన్నవి చేసినాను. దగ్గరికి వచ్చి చదవండి. పేరు కింద రాయడం లేదు, చేతిరాత చూస్తే మీకే తెలిసిపోతుంది.

మాది పత్తికొండకు, తుగ్గలికి నడుమ ఉండే ఒక తాండా. నాయన బెంగుళూరులో బిల్డింగు పనికి పోయి అక్కడే చనిపోయినాడు. అప్పుడు నాకు నాలుగేండ్లు. ఆ మరుసటి ఏడు యాడికి మళ్ళీ పెండ్లి చేసినారు. (తాండా పిల్లలకు చెప్పే పని లేదు. సార్ల కోసం చెప్తున్నా, యాడి అంటే అమ్మ.) గుంతకల్లుకు అవతల ఇంకో తాండాకు ఇచ్చినారు. చంకలో ఉన్న తమ్ముణ్ణి ఎత్తుకొని పోయింది. నన్ను నాని దగ్గర, అంటే అమ్మమ్మ దగ్గర వదిలింది.

యాడిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. వానకు ఎదురుచూసే మూడెకరాల చేను మీద, మగదిక్కు లేకుండా ఇద్దరు పిల్లలను ఎట్ల సాకుతుంది? కొత్త ఇంటివాళ్ళు ఒక పిల్లనే ఒప్పుకున్నారంట. అదంతా నాకు ఇప్పుడు అర్థమైతుంది. నాకు గుర్తున్నది వేరే. ఆ పొద్దు నా చేతిలో ఐదు రూపాయలు పెట్టి, అంగడికి పోయి బొరుగులు తెచ్చుకో పో అని పంపించినారు. నేను తిరిగి వచ్చేసరికి ఆటో లేదు. నాని వాకిట్లో కసువు ఊడుస్తా ఉంది. ఏడుస్తానని అట్ల చేసినారంట. ఆ రోజు నేను ఏడ్వలేదు కూడా. యాడి కూడా అంగడికే పోయింటుంది, వస్తుంది అనుకొని గడపమీద కూర్చొని బొరుగులన్నీ తినేసినాను.

నాని దగ్గర రెండేండ్లు బాగుంటిని. నాని నన్ను కన్నబిడ్డ లెక్కనే చూసింది. కాని మా తాండాకు సుగ్గి ఉంది కదా. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికి వచ్చే కాలం, పండుగ కాలం అని మా సోషల్ సారు చెప్పినాడు. మన ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ దిక్కు మాత్రం సుగ్గి అంటే మనుషులు ఇల్లు వదిలి పోయే కాలం. మన పంట ఎండిపోతే ఇంకొకరి పంట కోయడానికి పోతారు. మొదట పత్తి తీయడానికి తెలంగాణకు, సంక్రాంతి తర్వాత మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కుకు. మళ్ళీ ఉగాదికి వస్తారు. ఒకే మాట ఇటు వచ్చేసరికి తలకిందులు అయింది. ఎవరు మార్చినారో ఏమో.

సుగ్గికి పోయే ఇల్లు ఎట్ల ఉంటుందో మీలో సగం మందికి తెలుసు. వారం ముందే కోళ్ళను అమ్మేస్తారు, లేకుంటే పక్కింట్లో అప్పజెప్తారు. జొన్నలు ఎక్కువగా పిండి పట్టిస్తారు. ప్లాస్టిక్ పట్ట కొంటారు, గుడిసె మీద కప్పుకోవడానికి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులో కొత్త చెప్పులు వస్తాయి. నాకు ఎవరూ చెప్పలేదు గాని, ఆరేండ్లకే నేను ఈ గుర్తులన్నీ నేర్చుకున్నాను. నాని కొత్త చెప్పులు గూట్లో దాచిపెట్టిన రోజు రాత్రి, దాని కొంగు నా చేతికి చుట్టుకొని పండుకున్నాను. తెల్లవారుజామున బండి వచ్చింది. లేచి చూస్తే నా చేతికి కొంగు లేదు, ఒక పాత తువ్వాల ఉంది. వాకిలికి కంప అడ్డం పెట్టినారు. నన్ను నిద్రలోనే మామ ఇంట్లోకి మార్చినారు. ఆ కంప నేను మామ గడపలో నిలబడి చూసినాను.

మామ ఇంట్లో రెండేండ్లు. తర్వాత వాళ్ళూ బెంగుళూరు పోయినారు. నన్ను ఆదోనిలో ఉండే పెద్దమ్మ ఇంటికి పంపినారు. పెద్దమ్మ పత్తి జిన్నింగు మిల్లులో పని చేసేది. ఇంటికి వస్తే తల నిండా దూది, అప్పుడే ముసలామె అయినట్టు కనిపించేది. నేను ఆ దూది తీస్తా కూర్చునేదాన్ని, నాకు అది చానా ఇష్టమైన పని. పెద్దమ్మకు జబ్బు చేసి నన్ను తిరిగి తాండాకు పంపితే, అప్పటికి తాండాలో ముసలోళ్ళు, కుక్కలు తప్ప ఎవరూ లేరు. అప్పుడు సీజనల్ హాస్టల్లో చేర్చినారు. అది సుగ్గి నెలల్లో పెట్టి, సుగ్గి అయిపోతే మూసే హాస్టలు. ఆ తర్వాత అయిదో తరగతికి ఇక్కడికి. మొత్తం అయిదు చోట్లు. ఒక్క ఇంట్లో కూడా నన్ను కొట్టలేదు, తిండి పెట్టకుండా ఉంచలేదు. ఈ మాట గట్టిగా రాస్తున్నాను. ఎందుకంటే నేను ఈ సంగతి ఎత్తితే అందరూ "కష్టపెట్టినారా?" అనే అడుగుతారు. లేదు. ఎక్కడా చెప్పి పంపలేదు, చెప్పి పోలేదు. అంతే.

నాకు పొగరు అని మీరు అనుకుంటారని నాకు తెలుసు. అల్మారా ఇచ్చినా నా బట్టలు పెట్టెలోనే ఉంటాయి, ఎందుకని డార్మిటరీలో అడిగినారు. కొత్త మనిషి ఎవరు వచ్చినా, ఈమె ఎన్నాళ్ళు ఉంటుంది అనేది నా మనసులో మొదట వచ్చే మాట. పేరు తర్వాత. రెండో ఆదివారం అందరికీ తల్లిదండ్రులు వచ్చి చెట్ల కింద కూర్చుంటే, నేను కొళాయి దగ్గర బట్టలు ఉతుకుతా ఉంటాను. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతాను. ఎవరైనా "మా అమ్మ నిన్ను అన్నానికి పిలుస్తుంది రా మే" అంటే రాను. ఆ ముద్ద బాగుంటుంది, అందుకే రాను. వచ్చే నెల ఆమె రాకపోతే నీతో పాటు నేను కూడా గేటు దిక్కు చూడాల్సి వస్తుంది.

మన పూర్వీకులు కూడా తిరిగేవాళ్ళే కదా అని ఒక సారు అన్నాడు. నిజమే. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మూటలు వేసుకొని ఊరూరు తిరిగి అమ్మేవాళ్ళు. దాన్ని మనవాళ్ళు లదేణి అంటారు. మన సేవాలాల్ మహరాజ్ 1739లో మనకు దగ్గరలోని గుత్తి ప్రాంతంలోనే పుట్టినాడని మనవాళ్ళు ప్రతి ఫిబ్రవరి 15న జయంతి చేస్తారు. ఆ కాలంలో తాండా అంటే ఊరు కాదు, నడిచే గుంపు. కదిలితే ముసలోళ్ళు, పసిపిల్లలు, కుక్కలు అన్నీ కదిలేవి. 1871లో మద్రాసు రైలు గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరింది. రైలు, రోడ్లు వచ్చినాక ఎద్దుల మూటల పని పోయింది. ఇప్పుడూ మనం తిరుగుతున్నాము గాని పని చేసే చేతులే పోతున్నాయి. పిల్లలు, ముసలోళ్ళు తాండాలో మిగిలిపోతున్నారు. రెండు తిరుగుళ్ళూ ఒకటే అంటే నేను ఒప్పుకోను.

ఇంకొకటి కూడా ఆలోచన చేయండి. మన తాండాలో పెండ్లికూతురు అత్తగారింటికి పోయేటప్పుడు ఢావ్లో ఉంటుంది. ఒక్కొక్కరి మెడ పట్టుకొని, వరస పెట్టి పిలిచి పాడతా ఏడుస్తుంది. నాయనకు వేరే, అన్నకు వేరే, చెలికత్తెలకు వేరే. ముసలమ్మలు పక్కన కూర్చోబెట్టుకొని ఆ ఏడుపు నేర్పిస్తారు. చూసే తెలుగోళ్ళకు నవ్వు వస్తుందేమో. నాకు మాత్రం మనవాళ్ళు విడిపోవడం గురించి చానా తెలివిగా ఆలోచించినారని అనిపిస్తుంది. పద్దెనిమిదేండ్ల పిల్ల పక్క తాండాకు పోతే ఇంత ఏడుపు, ఇంత పాట. ఆరేండ్ల పిల్లను నిద్రలో ఇల్లు మారిస్తే ఒక్క పాటా లేదు. బొరుగులకు ఐదు రూపాయలు.

మన తెలుగు మేడం బి.ఇడి. పుస్తకంలోది ఒక సంగతి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ రాబర్ట్‌సన్ అని భార్యాభర్తలు ఉండేవాళ్ళు. 1960ల చివర, తల్లి కాన్పుకో ఆస్పత్రికో పోతే ఇంట్లో మిగిలిపోయే పసిపిల్లల మీద వాళ్ళు సినిమాలు తీసినారు. జాన్ అనే పిల్లవాడు, పదిహేడు నెలలు. తల్లి రెండో కాన్పుకు పోతే తొమ్మిది రోజులు పిల్లల హాస్టలు లాంటి చోట పెట్టినారు. అక్కడ నర్సులు మంచివాళ్ళే. కాని డ్యూటీలు మారుతా ఉంటాయి. జాన్ పొద్దున ఒకామె దగ్గరికి పోతాడు, ఆమె వెళ్ళిపోతుంది. సాయంత్రం ఇంకొకామె దగ్గరికి పోతాడు, ఆమెకు వేరే పిల్లలు. చివరికి ఒక పెద్ద గుడ్డబొమ్మను పట్టుకొని పడుకుంటాడు. తొమ్మిదో రోజు తల్లి వచ్చి ఎత్తుకోబోతే ఏడ్చి, ఆమె చేతుల్లోంచి గుంజుకొని పోతాడు. 1969లో వచ్చిన సినిమా అది. మేడం చెప్తా ఉంటే మన వరసలో ఇద్దరు తల కిందికి వేసుకున్నారు. నేను చూసినాను.

జేన్ అనే పిల్లకు కూడా పదిహేడు నెలలే. ఆమెను రాబర్ట్‌సన్ దంపతులు తమ ఇంట్లోనే పది రోజులు ఉంచుకున్నారు. ముందే రాకపోకలు పెట్టుకొని మచ్చిక చేసుకున్నారు. ఇంట్లో ఏం తినేదో, ఎట్ల నిద్రపోయేదో తెలుసుకున్నారు. తల్లి సంగతి పిల్లల దగ్గర దాచలేదు. ఫోటో చూపించి మాట్లాడేవాళ్ళు. జేన్ కూడా బెంగ పడింది గాని జాన్ మాదిరి విరిగిపోలేదు. తల్లి వచ్చినాక ఆమె దగ్గరికి పోయింది. తల్లి లేని రోజులు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది? మేడం బోర్డు మీద రాయలేదు, మమ్మల్నే ఆలోచించుకోమన్నది.

ఇట్ల ఇంకొకరి ఇంట్లో పిల్లను పెంచడాన్ని ఫోస్టర్ కేర్ అంటారంట. 2015లో వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టంలో 44వ సెక్షను దాని గురించే. అది దత్తత కాదు. పిల్ల పేరు, ఇంటిపేరు మారవు. జిల్లా బాలల సంక్షేమ సమితి చూసి కొంతకాలానికి ఒక కుటుంబానికి అప్పజెప్తుంది. మిషన్ వాత్సల్య అనే పథకంలో అట్లాంటి పిల్లకు నెలకు 4000 రూపాయల సాయం ఉంది. మన నానీలు, మామలు, పెద్దమ్మలు చేసేది ఇదే పని. కాగితమూ లేదు, 4000 లేదు. ఆ చట్టం 3వ సెక్షనులో ఒక మాట ఉంది, నేను నోట్సులో ఎర్ర ఇంకుతో గీత గీసుకున్నాను. పిల్లకు సంబంధించిన ఏ నిర్ణయంలోనైనా పిల్ల మాట వినాలి, వయసును బట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవాలి అని. ఢిల్లీలో కూర్చొని ఈ వాక్యం రాసినవాళ్ళకు మా వాకిట్లో కంప గురించి ఎట్ల తెలిసిందో!

భాగవతంలో యశోద కథ మనకు పాఠం ఉండె. చిన్ని కృష్ణుడు వెన్న తినింది, రోలుకు కట్టింది అందరికీ తెలుసు. అక్రూరుడు రథం తెచ్చి కృష్ణుణ్ణి మథురకు తీసుకపోయినాక ఏమయింది? పెంచిన తల్లి యశోద రేపల్లెలోనే ఉండిపోయింది. కృష్ణుడు మళ్ళీ ఆ ఊరు రాలేదు. కాని ఊరికే ఉండలేదు, ఉద్ధవుణ్ణి పంపి కబురు చెప్పించినాడు. చానా ఏండ్లకు సూర్యగ్రహణం నాడు శమంతపంచకంలో యశోదను కలిసినాడు. దేవుడు కాబట్టి అన్నీ కుదిరినాయి అంటారు. ఒక మనిషిని పంపి కబురు చెప్పడానికి దేవుడే కావాల్సిన పని లేదు గదా.

మన పత్తికొండలోనే చచ్చిపోయిన మన్రో దొర సంగతి కూడా అట్లాంటిదే. మద్రాసు గవర్నరు పని ముగించుకొని సీమకు పోయేముందు, తాను కలెక్టరుగా చేసిన ఈ దత్త మండలాల ప్రజలకు చెప్పి పోదామని ఇంత దూరం వచ్చినాడు. 1827 జూలై 6న ఇక్కడ కలరాతో పోయినాడు. ఆయన పేరు మీద ఇక్కడ తోపు వేసి, బావి కట్టించినారు. ఆయన దొర, గుర్రాలు, డేరాలు, తీరిక ఉండె. మా నానికి మేస్త్రీ బండి హారను తప్ప ఏమీ లేదు. ఆ తేడా నాకు తెలుసు.

ఇప్పుడు మన హాస్టలు సంగతికి వస్తాను. వార్డెను మేడం కోపం చేసుకోవద్దు.

రెండేండ్ల కింద మాకు ఒక సైన్సు మేడం ఉండె. ఏ బడి నుంచి వచ్చింది, ఏ బడికి పోయింది రాయను. పాఠం బాగా చెప్పేది. నేను ఎప్పుడూ లేనిది, ఆమె దగ్గరికి పోయి డౌట్లు అడిగేదాన్ని. ఉత్త డౌట్లు, అన్నీ నాకు తెలిసినవే. ఒక సోమవారం పోతే ఆమె కుర్చీలో వేరే ఆమె కూర్చొని ఉంది. స్టాఫ్ రూములో ఆమె గొడుగు తగిలించే మేకుకు గొడుగు లేదు. ఎక్కడికి పోయినారు అంటే "మీకెందుకు, చదువుకోండి" అన్నారు. కాంట్రాక్టు మనుషులు, వాళ్ళ బతుకు వాళ్ళ చేతిలో ఉండదని ఇప్పుడు తెలుసు. ఒక్క రోజు ముందు క్లాసులో నిలబడి "రేపటి నుంచి నేను రాను పిల్లలూ" అంటే ఏమవుతుండె? ఏడుస్తుంటిమి. ఏడిస్తే ఏమవుతుంది?

అదే మన వంట ఆయమ్మను చూడండి. పోయిన సంక్రాంతికే చెప్పింది, "మార్చి నెలాఖరుకు నా పని అయిపోతాది, మళ్ళ నన్ను అడగొద్దు" అని. వంటింటి గోడ మీద క్యాలెండరులో ఆ తారీఖుకు పసుపు బొట్టు పెట్టింది. మేము అన్నానికి వరసలో నిలబడినప్పుడల్లా ఇంకా ఎన్ని రోజులో లెక్కపెట్టేవాళ్ళం. "ఇంగ ఇరవై దినాలు ఉండాయి, నన్ను అప్పుడే తరుముతారా" అని గరిటెతో బెదిరించేది. ఆ ఇరవై దినాల్లో ఎవరికి ఏం ఇష్టమో అడిగి చేసింది. నాకు ఉగ్గాని కావాలంటే, నా ఒక్కదాని కోసం నూటయాభై మందికి ఉగ్గాని చేసింది. చివరి రోజు అందరం ఏడ్చినాము. నేనూ ఏడ్చినాను, చూసినారు కదా, నవ్వినారు కూడా. కాని ఆయమ్మ పోయినాక నాకు కడుపులో ఆ పాత నొప్పి రాలేదు. ఆమె ఎక్కడ ఉందో తెలుసు. దేవనకొండలో కొడుకు దగ్గర ఉంది. ఎందుకు పోయిందో తెలుసు. పోయే ముందు నన్ను చూసి పోయింది.

అందుకని ఒక విన్నపం. నోటీసు బోర్డు పక్కన, ఈ గోడపత్రిక కింద, ఒక తెల్లకాగితం అంటించడానికి మేడం ఒప్పుకోవాలి. ఎవరు ఇక్కడినుంచి పోతున్నా ఆ కాగితం మీద పేరు, తారీఖు, పోయే చోటు రాయాలి. సార్లు, మేడములు, వాచ్‌మెన్ తాత, టీసీ తీసుకొని పోయే పిల్లలు, అందరూ. తారీఖు ముందుగా తెలియకపోతే "తెలియదు" అని రాసినా సరే. రెండో ఆదివారానికి రాలేని తల్లిదండ్రులు వార్డెను మేడం ఫోనుకు చెప్తే, మేడం ఆ పిల్లకు పొద్దున్నే చెప్పాలి, సాయంత్రం దాకా గేటు దగ్గర నిలబడనీయకుండా. సుగ్గికి పోయేవాళ్ళు ఏ ఊరికి, ఏ మేస్త్రీతో పోతున్నారో పిల్లకు తెలియాలి. పోయిన నెల నాని ఫోను చేసి, ఈసారి మిరపకాయలకు ఎప్పుడు పోతుందో నన్ను పిలిపించి చెప్పింది. నేనే అడిగి చెప్పించుకున్నాననుకోండి. "ఏడుస్తావేమో అనుకుంటి" అనింది. "ఏడుస్తా, చెప్పు" అన్నాను.

ఆ కాగితం మీద మొదటి పేరు నాదే రాస్తాను. పదో తరగతి పరీక్షలు అయిపోయిన మరుసటి రోజు. ఇంటరుకు ఎక్కడ సీటు వస్తుందో ఇంకా తెలియదు, వస్తే ఆ ఊరి పేరు కూడా రాస్తాను. నా పక్క మంచం మీద ఆరో తరగతి పిల్ల ఒకతె పండుకుంటుంది. మీకందరికీ తెలుసు, రాత్రి కరెంటు పోతే నా దుప్పట్లోకి వచ్చే పిల్ల. వాళ్ళ అమ్మానాయన ఇప్పుడు గుంటూరు దిక్కు ఉన్నారు. ప్రతి నెలా గోడపత్రిక మొదట చదివేది ఆ పిల్లే, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటా చదువుతుంది. నేను పోయే సంగతి దానికి గోడ మీద చూసి తెలియకూడదు. ఇది అంటించేది రేపు పొద్దున. ఈ రాత్రి అన్నాలు అయినాక చెప్తాను.

— పదవ తరగతి విద్యార్థిని